పీజీలో ఒక పేపర్ ఎఫ్ అయితే: బ్యాక్, సీజీపీఏ, హాజరు లెక్కలు

ప్రశ్న పర్లాకిమిడి అమ్మాయిది. ఒడిశా వైపు విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ మొదటి సెమిస్టర్ రాసింది. ఫిజికల్ కెమిస్ట్రీలో ఎఫ్ వచ్చింది, మిగతావన్నీ పాస్, ఆ సెమిస్టర్ గ్రేడ్ల సగటు, అంటే ఎస్జీపీఏ, 6.0 అని పడింది. ఏడాది పోయినట్టేనా, రేపు నెట్ అర్హత పరీక్షకీ పీహెచ్‌డీకీ ఇది అడ్డం వస్తుందా అని అడుగుతోంది. శ్రీకాకుళంలో చదివే బంధువులు ఒకటి చెబుతున్నారు, బరంపురం సీనియర్లు ఇంకోటి చెబుతున్నారు, ఎవరి మాట నమ్మాలో తెలియడం లేదంటోంది.

అమ్మా, ఏడాది పోలేదు. బంధువులూ సీనియర్లూ అబద్ధం చెప్పడం లేదు, ఎవరి విశ్వవిద్యాలయం సంగతి వాళ్లు చెబుతున్నారు. మన సరిహద్దులో ఉన్న చిక్కే ఇది. ఆంధ్రా వైపు ‘సప్లీ’ అంటారు, ఒడిశాలో ‘బ్యాక్’ అంటారు, గడ్చిరోలి, చంద్రపూర్, నాందేడ్ వైపు వెళ్తే ‘ఏటీకేటీ’ అంటారు. మూడూ ఒకటే అనుకుంటాం గానీ వాటి వెనక రూల్స్ వేరు. ఏటీకేటీ అంటే కొన్ని పేపర్లు పోయినా పై తరగతిలో కూర్చోనిచ్చే అనుమతి. బ్యాక్ అంటే మిగిలిపోయిన పేపర్. నీకు వర్తించేది నువ్వు చేరిన సంవత్సరానికి నీ విశ్వవిద్యాలయం అచ్చువేసిన పీజీ రెగ్యులేషన్ ఒక్కటే. నీ తర్వాతి బ్యాచ్‌కి రూల్ మారినా సాధారణంగా నీకు పాతదే నడుస్తుంది. అందుకే ముందు ఆ పీడీఎఫ్ సంపాదించు. డిపార్ట్‌మెంట్ ఆఫీసులో లేదంటే పరీక్షల విభాగం వెబ్‌సైట్‌లో దొరుకుతుంది.

ఇప్పుడు నీ 6.0 ఎలా వచ్చిందో చూద్దాం. ఇది అర్థమైతే మిగతా భయాలు సగం పోతాయి. విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) ఇచ్చిన సీబీసీఎస్, అంటే క్రెడిట్ల పద్ధతి మార్గదర్శకాల్లో పది పాయింట్ల స్కేలు ఉంది: ఓ అంటే 10, ఏ ప్లస్ 9, ఏ 8, బీ ప్లస్ 7, బీ 6, సీ 5, పీ 4, ఎఫ్ సున్నా, ఆబ్సెంట్ సున్నా. నీ గ్రేడ్లు ఇనార్గానిక్ ఏ, ఆర్గానిక్ బీ ప్లస్, స్పెక్ట్రోస్కోపీ బీ, ప్రాక్టికల్ ఏ ప్లస్, ఫిజికల్ ఎఫ్ అన్నావు. ఒక్కోటి 4 క్రెడిట్లు; క్రెడిట్లంటే లెక్కలో ఆ పేపర్‌కి ఉన్న బరువు. గ్రేడ్ పాయింటుని క్రెడిట్‌తో గుణిస్తే వరుసగా 32, 28, 24, 36, 0. మొత్తం 120. దాన్ని 20 క్రెడిట్లతో భాగిస్తే 6.0. ఫిజికల్‌లో నీకు పాయింట్లేమీ రాలేదు, కానీ దాని 4 క్రెడిట్లు మాత్రం కింద భాజకంలో అలాగే కూర్చున్నాయి. నీ సగటు దిగిపోయింది అందుకే. రేపు ఆ పేపర్‌లో సీ తెచ్చుకున్నా 20 పాయింట్లు కలిసి 140 అవుతుంది, ఎస్జీపీఏ 7.0. బొటాబొటి పీ వచ్చినా 6.8. అంటే నువ్వు చదవలేని దానివని ఆ 6.0 చెప్పడం లేదు, ఒక గడి ఇంకా ఖాళీగా ఉందని మాత్రమే చెబుతోంది. కొన్ని విశ్వవిద్యాలయాలు ఎఫ్ ఉన్నంతకాలం ఎస్జీపీఏ అచ్చువేయకుండా గీత పెట్టి వదిలేస్తాయి. అది చూసి కూడా బెదరొద్దు.

సీజీపీఏ అంటే అన్ని సెమిస్టర్లకీ కలిపిన సగటు. దాని దగ్గర చాలామంది చేసే తప్పు సెమిస్టర్ల ఎస్జీపీఏలు కూడి రెండుతో భాగించడం. రెండో సెమిస్టర్‌లో నీకు 22 క్రెడిట్లు ఉండి 7.5 వచ్చిందనుకో, అది 165 పాయింట్లు. 120కి 165 కలిపితే 285, దాన్ని 42తో భాగిస్తే 6.79. మామూలు సగటు తీస్తే 6.75 వస్తుంది. తేడా చిన్నదే గానీ 5.5, 6.0 లాంటి గీతల దగ్గర అదే తేడా కొంప ముంచుతుంది. తర్వాత ఫిజికల్‌ని సీతో దాటేశావంటే ఇవే రెండు సెమిస్టర్లకి 305ని 42తో భాగించాలి, 7.26.

ఇంకో ఉపయోగం కూడా ఉంది ఈ లెక్కతో. మొత్తం కోర్సు 80 క్రెడిట్లనుకో, 40 అయ్యేసరికి సీజీపీఏ 5.2 దగ్గర ఉన్నవాళ్ల చేతిలో 208 పాయింట్లున్నాయి. చివరికి 5.5 కావాలంటే 440 కావాలి, మిగిలిన 232ని 40 క్రెడిట్లలో తేవాలంటే సగటున 5.8 చాలు. 6.0 కావాలంటే 6.8 తేవాలి. 6.5 కావాలంటే 7.8, అది కష్టమే. ఎంత ఎక్కాలో తెలిశాక ఎక్కడ చదవాలో తేలుతుంది: 2 క్రెడిట్ల సెమినార్ కంటే నాలుగో సెమిస్టర్ ప్రాజెక్టుకి క్రెడిట్లు ఎక్కువుంటాయి, అక్కడ ఒక గ్రేడ్ పెరిగితే సీజీపీఏ బాగా కదులుతుంది.

ఇక ఆ ఎఫ్ ఎందుకు వచ్చిందో చూడు. మార్కులు చూడకుండా ఫారం నింపేయొద్దు. ఎఫ్ పడే దారులు మూడు. మొదటిది, మొత్తం మార్కులే పాస్ గీతకు తక్కువ. రెండోది మోసపుచ్చేది. ఉదాహరణకి ఇంటర్నల్ 30, సెమిస్టర్ చివరి పరీక్ష 70, చివరి పరీక్షలో విడిగా 40 శాతం అంటే 28 రావాలనే రూల్ ఉందనుకో. ఇంటర్నల్‌లో 24, పరీక్షలో 25 వస్తే మొత్తం 49. నూటికి 49 వచ్చినా ఎఫ్ ఏమిటని ఏడుస్తారు, కానీ 25 అనేది 28 కంటే తక్కువ కాబట్టి రూల్ ప్రకారం అది ఎఫ్. మూడోది ఇంటర్నల్ మార్కులు డిపార్ట్‌మెంట్ నుంచి పంపకపోవడం, లేదా రాసినా ఆబ్సెంట్ అని ఎక్కడం. ఈ మూడోదానికి పరీక్ష మళ్లీ రాయక్కర్లేదు. సబ్జెక్టు టీచర్ సంతకంతో హెడ్ దగ్గర్నుంచి పరీక్షల విభాగానికి దిద్దుబాటు లెటర్ వెళ్తే చాలు. అందుకని ఇంటర్నల్ జవాబుపత్రాలు, రికార్డు పుస్తకం మీద టీచర్ సంతకాలున్న పేజీల ఫొటోలు దాచుకో. రిజల్టు వచ్చిన వారంలోనే అడుగు. నెలలు గడిచాక డిపార్ట్‌మెంట్‌లోనే ఆ కాగితాలు ఉండకపోవచ్చు.

మార్కుల మీద అనుమానం ఉంటే రీ-అడిషన్ అనేది ఒకటి, రీవాల్యుయేషన్ అనేది ఇంకోటి. మొదటిదాంట్లో కూడిక మాత్రమే చూస్తారు. రెండోదాంట్లో ఇంకో ఎగ్జామినర్ దిద్దుతారు, అది అన్నిచోట్లా ఉండదు. ముందు జవాబుపత్రం జిరాక్స్ కాపీకి అప్లై చెయ్యి. గడువు చాలా తక్కువ, రిజల్టు వచ్చాక సాధారణంగా 10, 15 రోజులే. కాపీ చేతికొచ్చాక ఇవి చూడు: ప్రతి ప్రశ్నకీ మార్కు పడిందా, లోపలి పేజీలో పడిన మార్కు పైఅట్ట మీద గడిలోకి ఎక్కిందా, అడిషనల్ షీట్లూ గ్రాఫ్ కాగితమూ దిద్దారా, చాయిస్‌లో ఎక్కువ రాస్తే ఏవి లెక్కలోకి తీసుకున్నారు. ఫిజికల్ కెమిస్ట్రీలో గ్రాఫ్ షీటు ఊడిపోయి ఆ ప్రశ్నకి అరకొర మార్కు పడటం అరుదేం కాదు. కాపీ ఇచ్చేది లేదని వాళ్లంటే సమాచార హక్కు (ఆర్టీఐ) ఉంది. తన జవాబుపత్రం చూసుకునే హక్కు విద్యార్థికి ఉందని సుప్రీంకోర్టు 2011లో సీబీఎస్ఈ కేసులో చెప్పింది. దరఖాస్తు ఫీజు 10 రూపాయలు, జవాబు 30 రోజుల్లో ఇవ్వాలి. ఒడిశాలో దీనికి ‘ఫారం ఏ’ అనే నమూనా ఉంది, తెల్లకాగితం మీద రాస్తే తిప్పి పంపే అవకాశం ఉంది కాబట్టి ఆ ఫారంలోనే పెట్టు. ఒక్క జాగ్రత్త: ఆర్టీఐ 30 రోజులు పడుతుంది, రీవాల్యుయేషన్ గడువు 15 రోజులకే అయిపోతుంది. రెండూ ఒకేసారి పెట్టాలి, ఒకదాని కోసం ఇంకోటి ఆపకూడదు.

కాపీ చూశాక మార్కు న్యాయమే అనిపిస్తే బ్యాక్ రాసెయ్. చాలాచోట్ల ఇంటర్నల్ పాస్ అయితే ఆ మార్కులు అలాగే ఉంచి చివరి పరీక్ష ఒక్కటే మళ్లీ రాయిస్తారు. కానీ సాధారణంగా మొదటి సెమిస్టర్ పేపర్లు మొదటి సెమిస్టర్ పరీక్షలప్పుడే పెడతారు, అంటే నీ జూనియర్లతో కలిసి, ఏడాది తర్వాత, నీ మూడో సెమిస్టర్ పరీక్షల రోజుల్లోనే. ఉదయం ఒకటి, మధ్యాహ్నం ఒకటి పడొచ్చు, టైంటేబుల్ రాగానే చూసుకో. ఈ లెక్కన ఏ సెమిస్టర్‌లో పోయిందన్నదానికి బరువు వేరు. మొదటి సెమిస్టర్‌లో పోయినది కోర్సు లోపలే తీరిపోతుంది. మూడో సెమిస్టర్‌లో పోతే, స్పెషల్ పరీక్ష పెట్టని చోట, తోటివాళ్లు సర్టిఫికెట్లు పట్టుకుని వెళ్లాక మళ్లీ ఏడాది ఆగాలి. నిజంగా ఏడాది పోయేది అక్కడ. నీకు ముందే పోయింది కనుక దిద్దుకోవడానికి సమయం ఉంది.

బ్యాక్ ఫారం రెగ్యులర్ ఫారం నుంచి వేరు, ఫీజు వేరు. మూడో సెమిస్టర్ ఫారం నింపాను కదా, అందులో అదీ వచ్చేస్తుందనుకుని వదిలేసేవాళ్లు ఏటా ఉంటారు. ఫీజు రసీదు, సబ్జెక్టు కోడ్ రెండూ సరిచూసుకో. సిలబస్ మారిన ఏడాదైతే పాత సిలబస్‌కి పరీక్ష పెట్టేది కొన్నిసార్లే, కాబట్టి వాయిదా వెయ్యకు. మొత్తం గడువు సంగతికి వస్తే, మామూలు కాలం మీద రెండేళ్ల వరకు అదనంగా ఇవ్వొచ్చని, అసాధారణ పరిస్థితుల్లో ఇంకో ఏడాదని యూజీసీ 2015లో చెప్పింది. రెండేళ్ల పీజీకి మామూలుగా నాలుగేళ్లు.

పై సెమిస్టర్‌కి పంపే రూల్ చూసేటప్పుడు ‘ఎన్ని పేపర్లు’ అంటున్నారా, ‘ఎన్ని క్రెడిట్లు’ అంటున్నారా గమనించు. మొదటి నుంచి రెండో సెమిస్టర్‌కి చాలాచోట్ల అడ్డు లేదు. రెండో ఏడాదిలోకి వెళ్లేటప్పుడు మొదటి రెండు సెమిస్టర్లలో ఇన్ని క్రెడిట్లు పూర్తి కావాలంటారు, జల్లెడ పట్టేది అక్కడే. మహారాష్ట్ర వైపు ఏటీకేటీ పరిమితి కూడా అక్కడే కనిపిస్తుంది. పేపర్లు అన్నీ పాసైనా సీజీపీఏ ఇంతకు తక్కువైతే డిగ్రీ ఇవ్వని చోట్లూ ఉన్నాయి. అలాంటి చోట పీ గ్రేడ్లు పోగేసుకుంటే చివర్లో ఇరుక్కుంటారు. అందుకే వాళ్లు పాసైన పేపర్ మళ్లీ రాసుకునే ఇంప్రూవ్‌మెంట్ అవకాశం ఇస్తారు. అడగాల్సింది ఒక్కటే: రెండింట్లో ఎక్కువది ఉంచుతారా, చివరగా రాసినదాన్నే తీసుకుంటారా. రెండోదైతే ఆలోచించి రాయాలి. బ్యాక్ ఉన్నవాళ్లకి ర్యాంకు, గోల్డ్ మెడల్ ఇవ్వకపోవడం మామూలే, దాని గురించి బెంగ పెట్టుకోకు.

ఎఫ్ కంటే నాకు ఎక్కువ భయం హాజరు గురించి. ఎఫ్ వస్తే పరీక్ష మళ్లీ రాస్తే సరిపోతుంది. హాజరు తక్కువై డిటెయిన్ అయితే పరీక్షకే రానివ్వరు, జూనియర్లతో క్లాసులు మళ్లీ వినాలి. ఒక క్రెడిట్ అంటే 15 గంటల బోధన, 4 క్రెడిట్ల థియరీ పేపర్‌కి 60 క్లాసులు. 75 శాతం హాజరు ఉండాలంటే 45 వినాలి, 15 పోగొట్టుకోవచ్చు. ఆ 15 మన ఇళ్లల్లో ఎలా కరిగిపోతాయో చూడు. సంక్రాంతికి మనకి భోగి నుంచి ముక్కనుమ దాకా నాలుగు రోజులు, ఒడిశాలో సెలవు సాధారణంగా ఒక్క రోజు. ముందో రోజు, వెనకో రోజు ప్రయాణం కలిపితే వారం. రోజుకి ఆ సబ్జెక్టు ఒక క్లాసున్నా ఐదు పోయాయి. ఒక పెళ్లి, ఒక జ్వరం, రథయాత్ర తర్వాత ఆలస్యంగా తిరిగి రావడం, అంతే. సిరోంచ నుంచి గడ్చిరోలి వెళ్లి చదివేవాళ్లకైతే దారే ఒక పూట తినేస్తుంది. పైగా హాజరు సబ్జెక్టువారీగా చూస్తారా, మొత్తం మీద సగటు చూస్తారా అన్నది చోటుని బట్టి మారుతుంది. సబ్జెక్టువారీ అయితే ప్రాక్టికల్స్‌కి నూటికి నూరు వెళ్లినా ఫిజికల్ థియరీలో 70 శాతం ఉంటే ఆగిపోతావు. జబ్బు చేస్తే మెడికల్ సర్టిఫికెట్ తిరిగొచ్చిన వెంటనే ఇవ్వాలి. సెమిస్టర్ చివర్లో తక్కువ హాజరుని మన్నించే కండోనేషన్ లిస్టు వేసే రోజున తెస్తే ఎవరూ నమ్మరు. ఆ మినహాయింపు కూడా గీతకు కాస్త దగ్గర్లో ఉన్నవాళ్లకే, ఫీజు కట్టించుకుని.

నెట్, పీహెచ్‌డీ మాట. బ్యాక్ ఉండటం వల్ల నెట్‌కి అనర్హత రాదు. కావాల్సింది మాస్టర్స్‌లో 55 శాతం, ఓబీసీ నాన్ క్రీమీలేయర్, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులు, ట్రాన్స్‌జెండర్లకి 50. రౌండ్ చెయ్యరు. 54.99 అంటే 55 కాదు. చివరి ఏడాదిలో ఉండి రాయొచ్చు, కానీ రిజల్టు వచ్చిన రెండేళ్లలోపు పీజీ అంత శాతంతో పూర్తి చెయ్యాలి. మిగిలిపోయిన బ్యాక్ ఆ రెండేళ్లకి అడ్డుపడకూడదు. పీహెచ్‌డీకి 2022 యూజీసీ నిబంధనల ప్రకారం కూడా 55 శాతమే గీత, రిజర్వుడు వర్గాలకీ ఈడబ్ల్యూఎస్‌కీ 5 శాతం సడలింపు. చేరాక కనీసం 12 క్రెడిట్ల కోర్స్‌వర్క్, అందులోనూ 55 శాతం రావాలి, లేకపోతే థీసిస్ ఇవ్వనివ్వరు. ప్రతి సెమిస్టర్ రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందు ప్రోగ్రెస్ చూపించాలి. బాగాలేదంటే కారణాలు రాసి, ఏం దిద్దుకోవాలో చెప్పి, అప్పటికీ కాకపోతేనే రిజిస్ట్రేషన్ రద్దుకి సిఫారసు చెయ్యాలి. కమిటీ ఏం రాసిందో కాపీ నీ దగ్గర ఉంచుకోవాలి.

సడలింపు విషయంలో సరిహద్దువాళ్లకి ఒక ముల్లు ఉంది. కేంద్ర ఓబీసీ జాబితా రాష్ట్రాలవారీగా ఉంటుంది, ఎస్సీ, ఎస్టీ జాబితాలూ అంతే. ఆంధ్రా జాబితాలో ఉన్న కులం ఒడిశా జాబితాలోనో మహారాష్ట్ర జాబితాలోనో ఉండాలని లేదు. శ్రీకాకుళం చుట్టం సర్టిఫికెట్ చూసి నీకూ 50 చాలనుకోవద్దు. నీ సొంత రాష్ట్రం పేరుతో కేంద్ర జాబితాలో నీ కులం ఉందో లేదో ఇప్పుడే చూసుకో. లేకపోతే నీ గీత 55.

శాతం మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. సీజీపీఏని పదితో గుణిస్తే శాతం అని ఎవరో చెప్పి ఉంటారు. ఆ మాట పట్టుకుని ఫారాలు నింపకు. గ్రేడుకి ఏ మార్కులన్నది విశ్వవిద్యాలయానికి ఒకటి. ఒక పద్ధతిలో 60 నుంచి 69 వరకు బీ ప్లస్, 50 నుంచి 59 వరకు బీ. ఇంకో పద్ధతిలో 55 నుంచి 59 వరకే బీ ప్లస్, 60 దాటితే ఏ. అన్ని పేపర్లలోనూ సరిగ్గా 56 మార్కులు తెచ్చుకున్న ఇద్దరిని తీసుకో. మొదటి పద్ధతిలో సీజీపీఏ 6.0, రెండో పద్ధతిలో 7.0. చదువు ఒకటే, మార్కులు ఒకటే. రాయగడ అబ్బాయి, చంద్రపూర్ అబ్బాయి సీజీపీఏలు పక్కపక్కన పెట్టి పోల్చడంలో అర్థం లేదు. ఇంజినీరింగ్ వాళ్లకి సాంకేతిక విద్యామండలి (ఏఐసీటీఈ) పట్టిక వేరు, అందులో 6.25కి 55 శాతం, 6.75కి 60. అది చూసి ఎమ్మెస్సీ వాళ్లు లెక్కేసుకోకూడదు. నీ మార్కుషీటు వెనక సూత్రం అచ్చువేసి ఉంటే అదే ప్రమాణం. లేకపోతే పరీక్షల కంట్రోలర్ ఆఫీసు నుంచి కన్వర్షన్ సర్టిఫికెట్ తీసుకో. రాష్ట్రం దాటి అప్లై చేసేటప్పుడు మైగ్రేషన్ సర్టిఫికెట్‌తో పాటు అదీ అడుగుతారు, రెండూ ఒకే ట్రిప్పులో తెచ్చుకుంటే మళ్లీ తిరగక్కర్లేదు.

ఎమ్మెస్సీ తర్వాత అమెరికా ఆలోచన ఉంటే అక్కడి ధోరణి వేరు. గ్రాడ్యుయేట్ స్కూళ్లలో సాధారణంగా 4కి 3.0, అంటే సగటున బీ, నిలబెట్టుకోవాలి. దిగితే ప్రొబేషన్, ఇచ్చిన గడువులో ఎక్కకపోతే పంపేస్తారు. మూడు కోర్సుల్లో ఏ, బీ, సీ వస్తే సరిగ్గా 3.0. రెండు బీలు, ఒక సీ అయితే 2.67. మనకి సీ పాసే, అక్కడ సీ ప్రమాదం. కోర్సు కష్టంగా ఉందని డ్రాప్ చేసే ముందు ఎఫ్-1 (విద్యార్థి) వీసా వాళ్లు అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులో అనుమతి తీసుకోవాలి. ఫుల్‌టైం క్రెడిట్ల కంటే తగ్గిపోతే గ్రేడు కంటే పెద్ద సమస్య వీసాది.

చివరిగా నీ పేరు చూసుకో, ఇది చిన్న విషయం కాదు. మన ఇళ్లల్లో ఇంటిపేరు ముందు, అదీ ఒక్క అక్షరంగా. ఒడిశాలో ఇంటిపేరు చివర పూర్తిగా రాస్తారు. మహారాష్ట్రలో ఇంటిపేరు, సొంతపేరు, తండ్రిపేరు వరసలో అడుగుతారు. పది సర్టిఫికెట్ మీద ఒకలా, ఆధార్ మీద ఇంకోలా ఉంటే నీ క్రెడిట్లు ఆన్‌లైన్‌లో దాచే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఖాతా అతకదు, నీ క్రెడిట్లు అందులో పడవు. అందులో దాచిన క్రెడిట్లకి గరిష్ఠంగా ఏడేళ్ల గడువు ఉంటుంది, ఎఫ్ వచ్చిన పేపర్‌కి క్రెడిట్లే రావు. పది సర్టిఫికెట్ మీద ఉన్న పేరునే ప్రమాణంగా పెట్టుకుని ఆధార్‌నీ విశ్వవిద్యాలయం రిజిస్ట్రేషన్‌నీ దానికి సరిచేయించు. ఇంకా మొదటి ఏడాదిలోనే ఉన్నావు కనుక ఒక దరఖాస్తుతో అయిపోతుంది. డిగ్రీ అచ్చయ్యాక అఫిడవిట్లు, గెజిట్లు అంటారు.

ఆఫీసులో నోటి మాటతో తిప్పి పంపితే దరఖాస్తు రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద రిసీవ్డ్ ముద్ర, తేదీ వేయించుకో. అప్పటికీ కదలకపోతే 2023 యూజీసీ నిబంధనల కింద ప్రతి విశ్వవిద్యాలయంలోనూ విద్యార్థి ఫిర్యాదుల కమిటీ ఉండాలి, 15 పనిదినాల్లో అది నివేదిక ఇవ్వాలి. తీర్పు నచ్చకపోతే అందిన 15 రోజుల్లోపు ఫిర్యాదులు వినే పై అధికారి అంబుడ్స్‌పర్సన్‌కి అప్పీల్. ఆ కమిటీ మొదట అడిగేది ఆ ముద్ర ఉన్న కాగితమే. నీ విషయంలో ఈ వారం పని మూడు: మార్కుల విడదీత తీసుకోవడం, జిరాక్స్ కాపీకి ఫారం కట్టడం, రెగ్యులేషన్‌లో ప్రమోషన్ రూల్ ఉన్న పేజీ చదవడం. ఆ పేజీ అర్థం కాకపోతే ఫొటో ఇక్కడ పెట్టు, ఒడియాలో ఉన్నా ఫరవాలేదు, చదివి చెబుతాను.